సుబ్బారెడ్డి సంచి

రాజమహేంద్రవరం కోటలో ఒకప్పుడు ఒక ఇనుప పంజరం వేలాడేది. 1858లో ఉరితీయబడిన కారుకొండ సుబ్బారెడ్డి కళేబరం అందులో ఉండేది. జనం దానికి ‘సుబ్బారెడ్డి సంచి’ అని పేరు పెట్టుకున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి, కొన్ని సంవత్సరాల పాటు ఆ సంచి అలాగే వేలాడిందంటారు. ఆ పేరు నన్ను చాలాకాలంగా కలవరపెడుతూ ఉంది. బియ్యం సంచి, కూరల సంచి, బడిపిల్లవాడి పుస్తకాల సంచి... ఆ వరుసలో సుబ్బారెడ్డి సంచి. రోజూ కంటబడే దేన్నైనా మనిషి తన ఇంటి మాటల్లో కలుపుకోక తప్పదు కాబోలు. ఎంత ఘోరమైనదైనా సరే.

సుబ్బారెడ్డిది పాపికొండల ముంగిట గోదావరి ఒడ్డున ఉన్న కొరుటూరు. ఆ ఊరికి పెద్ద. మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డ మరుసటి ఏడు పోలవరం మన్యంలో ఆయన, ఆయన అనుచరులు బుట్టాయగూడెం మీద పడ్డారు. కంపెనీ సైన్యం కొండల్లోకి వెళ్ళింది, వెంటాడింది, పట్టుకుంది. పట్టుబడ్డ తర్వాత ఇచ్చిన వాఙ్మూలంలో ఆయన చెప్పిన మాట చరిత్రకారులు తరచు ఎత్తి చూపుతారు: నానాసాహెబు గెలుచుకుంటూ దక్షిణాదికి వస్తున్నాడనీ, ఇంగ్లీషువారిని ఎదిరించిన వారికి అతడు బహుమానాలిస్తాడనీ విన్నానన్నాడట. కాన్పూరెక్కడ, కొరుటూరెక్కడ! తంతి తీగ చేరని ఆ కొండల్లోకి ఆ వదంతి ఏ పడవ మీద వచ్చిందో, ఏ సంతలో చేతులు మారిందో ఊహించుకోవలసిందే.

ఉరికంబాలు ఒక్కచోట లేవలేదు. బుట్టాయగూడెంలో, పోలవరంలో, తూటిగుంటలో లేచాయి. అంటే ఏ జనం ఆ తిరుగుబాటును చూశారో ఆ జనం కళ్ళెదుటనే శిక్ష జరగాలని దొరల తలంపు. కళ్ళు చాలవని కాబోలు, కళేబరాన్ని రాజమండ్రికి తెచ్చి పంజరంలో పెట్టారు. అంతకు పదకొండేళ్ళ క్రితమే, 1847 ఫిబ్రవరి 22న, కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. ముప్ఫై ఏళ్ళు! ఆ తల కింద నుంచి నడిచి వెళ్ళిన పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలను కూడా ఆ దారినే నడిపించి ఉంటారు.

ఇక్కడ ఒక తేదీ గమనించాలి. శవాన్ని ఇనుప చట్రంలో బిగించి నలుగురూ తిరిగే చోట వేలాడదీయడం ఇంగ్లండులో పాత ఆచారమే. కానీ దాన్ని అనాగరికమని ఎంచి, 1834లోనే అక్కడి పార్లమెంటు చట్టం చేసి మాన్పించింది. తమ ఊళ్ళో తాము సిగ్గుపడి మానేసిన పనిని, ఇరవైనాలుగేళ్ళ తర్వాత గోదావరి ఒడ్డున నిస్సంకోచంగా చేశారు. నాగరికత అనేది ఓడ ఎక్కేటప్పుడు రేవులో దించి వచ్చే సామాను అనుకున్నారేమో.

2022 నాటి జిల్లాల విభజనలో బుట్టాయగూడెం మా ఏలూరు జిల్లాకు చేరింది. కామవరపుకోట మీదుగా, జంగారెడ్డిగూడెం దాటి వెళ్ళాలి. కామవరపుకోట దగ్గరే గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్ది నాటి నుంచి అక్కడ భిక్షువులు ఉండేవారు. అంతకు ముందటి శతాబ్దిలో అశోకుడు తన నాలుగవ స్తంభ శాసనంలో మరణశిక్ష పడిన వారికి మూడు రోజుల గడువు ప్రకటించాడు. ఆ మూడు రోజుల్లో బంధువులు అధికారుల దగ్గర మొర పెట్టుకోవచ్చు, లేకుంటే పరలోకం కోసం దానధర్మాలు చేసుకోవచ్చు. కళింగ యుద్ధం తర్వాత అహింసను బోధించిన చక్రవర్తి కూడా మరణశిక్షను ఎత్తివేయలేదు! మూడు రోజులు వాయిదా మాత్రమే వేశాడు. ఈ విషయం మొదట తెలిసినప్పుడు నాకు నిరాశ కలిగింది. తర్వాత తర్వాత ఆ మూడు రోజుల మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఇక దక్షిణంగా కొల్లేటి వైపు వస్తే అక్కడొక ఐతిహ్యం ఉంది. కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేదట. శత్రుసేనలు చిగురుకోట దగ్గర విడిది చేశాయట. సరస్సు నీరు సముద్రానికి పారేలా ఉప్పుటేరు దగ్గర కాలువ తవ్వించారని, ఆ పని ఫలించడానికి ఒక సేనాని తన కన్నకూతురినే బలి ఇచ్చాడని, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు వచ్చిందని చెబుతారు. చరిత్ర ఎంతో, కల్పన ఎంతో విడదీయడం నా వల్ల కాదు. కానీ ఆ కథలో ఒక నమ్మకం స్పష్టంగా ఉంది: ఒక్క ప్రాణం తీస్తే వేయిమందికి మేలు జరుగుతుంది. నీళ్ళు కదలాలంటే ఎవరో ఒకరు పోవాలి. మరణశిక్షను సమర్థించే వాదనలు ఎన్ని విన్నా, వాటి అడుగున ఈ కొల్లేటి కథే నాకు వినిపిస్తుంది.

మాటల ముచ్చట ఇంకొకటి. పల్లెల్లో గ్రామసేవకుడైన తలారిని అందరం ఎరుగుదుము. పాత కథల్లో రాజు ‘తీసుకుపొండి’ అనగానే నేరస్తుణ్ణి వధ్యస్థలానికి తీసుకుపోయేదీ తలారే. ఈ మాట ‘తలవర’ నుంచి వచ్చిందంటారు. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనాల్లో ‘మహాతలవర’ అనేది గొప్ప ప్రభువులకు ఉన్న బిరుదు. మహాప్రభువు బిరుదు దిగి దిగి ఊరి కావలివాడి దగ్గరకు వచ్చింది. చంపమని చెప్పేవాడికీ చంపేవాడికీ మధ్య దూరం అలా పెరుగుతూ పోయింది. ఈ రోజుల్లో ఆ దూరంలో సెషన్స్ కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు, హోంశాఖ, రాష్ట్రపతి భవనం అన్నీ నిలబడి ఉన్నాయి. మంచిదే. దూరం ఎంత ఎక్కువైతే ఆలోచించుకోవడానికి అంత వ్యవధి. అయితే ఆ వ్యవధి అందరికీ ఒకే తీరుగా దొరికిందా అన్నదే ప్రశ్న.

తెలుగునేల మీద ఉరిశిక్ష పడిన వారిలో మూడు జట్ల కథలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మొదటిది తెలంగాణ సాయుధ పోరాటం నాటిది. హైదరాబాదులో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు విచారించి పన్నెండు మందికి ఉరిశిక్ష వేశాయి. జనగామ ప్రాంత నాయకుడు నల్లా నరసింహులు వారిలో ఒకరు. 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను ఖాయపరిచింది. సుప్రీంకోర్టుకు వెళ్దామంటే అడ్డొచ్చింది నేరం కాదు, సాక్ష్యం కాదు, క్యాలెండరు! రాజ్యాంగం అమలులోకి వచ్చింది 1950 జనవరి 26న. హైకోర్టు తీర్పు వచ్చింది అంతకు నెలన్నర ముందు. ఆ తీర్పు నాటికి హైదరాబాదు భారత భూభాగం కిందకు రాదు కనుక దాని మీద అప్పీలు వినే అధికారం తనకు లేదని సుప్రీంకోర్టు 1950 డిసెంబరులో తేల్చింది. జనార్దనరెడ్డి కేసుగా న్యాయవాదులు ఈ తీర్పును చదువుకుంటారు. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే ప్రసిద్ధ బారిస్టరు వచ్చి వాదించినా ఫలితం లేకపోయింది. నెలన్నర తేడా. ఆ తీర్పే ఫిబ్రవరిలో వచ్చి ఉంటే అదే మనుషులకు, అదే నేరారోపణకు, అదే సాక్ష్యానికి మరొక తలుపు తెరుచుకునేది.

కోర్టులో ఓడినా వారు బతికారు. దేశంలోనూ విదేశాల్లోనూ వచ్చిన ఆందోళన మూలంగా, రాజకీయ వాతావరణం మారుతున్నందువల్ల, పన్నెండు ఉరిశిక్షలూ యావజ్జీవ శిక్షలుగా మారాయి. చట్టం చేయలేకపోయిన పని కాలం చేసిందన్నమాట.

రెండవ కథకు వచ్చే ముందు మధ్యలో చట్టం ఎలా మారిందో రెండు ముక్కల్లో చెప్పాలి. బ్రిటిషువారి నాటి నేరవిచారణ స్మృతి ప్రకారం, మరణశిక్ష వేయదగిన నేరానికి దాన్ని వేయకుండా వదిలితే జడ్జి కారణం రాయాలి. చంపడం మామూలు, చంపకపోవడానికే సంజాయిషీ! 1955 సవరణ ఆ నిబంధనను తీసివేసింది. 1973 స్మృతి, అంటే 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైనది, పూర్తిగా తలకిందులు చేసి, ఉరి వేయాలంటేనే ప్రత్యేక కారణాలు రాయాలంది. ఇరవై ఏళ్ళలో ఇంత మార్పు. సరిగ్గా ఆ మలుపులోనే, 1974 ఫిబ్రవరిలో, మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఈడిగ అనమ్మ కేసు సుప్రీంకోర్టులో తీర్పుకు వచ్చింది. ఒక స్త్రీనీ, ఆమె బిడ్డనూ చంపిన నేరం. దారుణమైన నేరమే. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నేరాన్ని తక్కువ చేయలేదు. కానీ చంపిన మనిషిని కూడా చూశారు: చిన్న వయసు, అత్తింటి నుంచి గెంటివేత, చిన్న కొడుకు, ఏళ్ళ తరబడి ఉరి భయంలో గడిపిన రాత్రులు. శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఈ దేశంలో మరణశిక్ష మీద ఏ తీర్పు తిరగేసినా ఏదో ఒక చోట ఈ తెలుగు పల్లెపడుచు పేరు కనబడుతుంది. ఆమెకు ఆ సంగతి తెలిసే అవకాశం ఎంత ఉందో నాకు అనుమానమే.

ఇప్పుడు రెండవ కథ. ఆదిలాబాదు జిల్లా రైతులు కిష్టాగౌడ్, భూమయ్య. నక్సల్బరీ ప్రభావంతో సాగిన ఉద్యమంలో భూస్వామి హత్య నేరం మీద ఇద్దరికీ ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష విన్నపాలు తిరస్కరింపబడ్డాయి. వారి కోసం దేశమంతటా గొంతులు లేచాయి. ఉరి వాయిదా కూడా పడింది. 1951లో పన్నెండు మందిని కాపాడిన లాంటి ఆందోళనే ఇదీ. కానీ 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. జూన్ 27న వెలువడ్డ రాష్ట్రపతి ఉత్తర్వుతో, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణం కింద కోర్టు తలుపు తట్టే హక్కు నిలిచిపోయింది. పత్రికల మీద సెన్సారు. గొంతెత్తిన వారిలో చాలామంది జైళ్ళలో. 1975 డిసెంబరు 1న హైదరాబాదు ముషీరాబాదు జైలులో ఇద్దరినీ ఉరితీశారు. ఇప్పుడు ఆ జైలు లేదు. పడగొట్టి ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి కట్టారు. రోగులు చీటీల కోసం బారులు తీరే ఆ ఆవరణలో ఉరికంబం ఎక్కడుండేదో చూపే గుర్తు ఏదీ నాకు కనబడలేదు.

1951లో పన్నెండు మంది బతికారు. 1975లో ఇద్దరు పోయారు. నేరాలు పోల్చి చూస్తే ఒకే జాతివి. భూమి, దొర, తుపాకి. తేడా అల్లా దేశం ఆ నెలలో ఏ మనఃస్థితిలో ఉన్నదన్నదే.

మూడవ కథలో రాజకీయం లేదు, ఆశయం లేదు. అందుకే అది మిగతా రెంటికంటే కష్టమైనది. 1993 మార్చి 8 రాత్రి చిలకలూరిపేట దగ్గర ఇద్దరు యువకులు దోపిడీకని బస్సెక్కి, పెట్రోలు పోసి నిప్పు పెట్టారు. ఇరవైమూడు మంది కాలిపోయారు. ఆ రోజుల్లో పేపరు తెరవడానికి భయమేసేది. మా ఏలూరు పాత బస్టాండులో రాత్రి బస్సెక్కే ప్రతివాడూ తలుపు ఎటున్నదో చూసుకుని కూర్చునేవాడు. నేనూ అంతే. గుంటూరు సెషన్స్ కోర్టు ఇద్దరికీ ఉరి వేసింది. హైకోర్టు సరేనంది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టూ ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించారు. 1997 మార్చి 29న రాజమండ్రి కేంద్ర కారాగారంలో ఉరి అని నిర్ణయమైంది.

ఆ ఇద్దరూ దళితులు. పేదవాళ్ళు. పౌరహక్కుల నాయకుడు కె.జి. కన్నబిరాన్ మొదలైనవారు కదిలారు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి వంటి వారు రాష్ట్రపతికి విన్నవించారు. చివరి గడియల్లో సుప్రీంకోర్టు నిలుపుదల ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత రాష్ట్రపతి మారారు. కె.ఆర్. నారాయణన్ 1998లో ఆ శిక్షలను యావజ్జీవంగా మార్చారు. అవే కాగితాలు, అదే నేరం, అదే రాజ్యాంగాధికారం. ఒక రాష్ట్రపతి వద్దన్నారు, తర్వాతి రాష్ట్రపతి సరేనన్నారు.

ఈ మాట అనగానే తాడేపల్లిగూడెంలోని నా మిత్రుడొకాయన ఊరుకోడు. బియ్యం మిల్లు వ్యాపారి, నాకన్నా పదేళ్ళు పెద్ద, లోకం చూసినవాడు. “ఏవండీ, ఆ ఇరవైమూడు మందిలో మనవాళ్ళెవరైనా ఉంటే మీరిలా తేదీలు లెక్కపెడుతూ కూర్చుంటారా?” అంటాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, ఉండకూడదు కూడా. మనవాళ్ళుంటే నేనూ ఉరే కోరుకుంటానేమో. ఆ కోరికను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. అయితే ఆయన చెప్పని సంగతి ఒకటుంది. ఆ బస్సులో పోయినవారి పిల్లలు ఏమయ్యారు, ఎవరు చదివించారు, ఎవరు పెళ్ళిళ్ళు చేశారు, ఇవేవీ మా ఇద్దరికీ తెలియవు. ముద్దాయిల గురించి ఇన్ని తేదీలు చెప్పగల నాకూ తెలియవు, బాధితుల పక్షాన మాట్లాడే ఆయనకూ తెలియవు. ఉరి పడిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే బాధితుల బాగోగులు తేలిపోయినట్టు మనమందరం ఒక ఒప్పందానికి వచ్చేశాం. పరిహారం, పోషణ, చదువు అన్నవి ఖర్చుతో కూడినవి. ఉరితాడు చవక.

ఆయన రెండవ వాదన భయం. ఉరి ఉంటేనే నేరం చేయడానికి జంకుతారని. దీనికి మాత్రం చరిత్ర నుంచి జవాబు చెప్పవచ్చు. కోయిలకుంట్లలో నరసింహారెడ్డి తల వేలాడుతుండగానే కొరుటూరు సుబ్బారెడ్డి తిరగబడ్డాడు. సుబ్బారెడ్డి సంచి చూసిన గోదావరి మన్యంలోనే, తర్వాతి తరంలో 1879లో రంప పితూరీ లేచింది. 1922లో అల్లూరి సీతారామరాజు వచ్చాడు. దొరలు ఆశించిన భయం పంజరంలో నుంచి దిగి జనంలోకి నడిచి రాలేదు. తిరుగుబాట్లు వేరు, హత్యలు వేరు అని మిత్రుడు వెంటనే అంటాడు. నిజమే. ఆగ్రహంతోనో తాగిన మైకంలోనో చంపేవాడు తిరుగుబాటుదారు కన్నా ఎక్కువ లెక్కలు వేసుకుని చంపుతాడని మాత్రం నేను నమ్మలేను.

2019 డిసెంబరు 6 ఉదయం మాత్రం మా వాదన వేరే దారి పట్టింది. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లిన దృశ్యం రోజంతా టీవీలో చూపించారు. ఏలూరు వీధుల్లో మిఠాయిలు పంచుకున్నవారిని నేను చూశాను. 2008లో వరంగల్లు యాసిడ్ దాడి నిందితులు ముగ్గురిని కాల్చినప్పుడూ ఇదే సంబరం. మిత్రుడు ఫోను చేసి, ఇక మీ కోర్టులతో పనేముందండీ అన్నాడు. ఉరిశిక్షను సమర్థించే మనిషి, ఆ రోజు ఉరిశిక్షకు కూడా స్వస్తి చెప్పేశాడు! విచారణ లేదు, సాక్షి లేడు, అప్పీలు లేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటకు వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే పోలీసులు కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అది అభిప్రాయపడింది. ఆ నివేదిక వచ్చిన రోజున పూలు చల్లినవారెవరూ మాట్లాడలేదు. మిత్రుడూ ఫోను చేయలేదు.

ఆ ఘటన జరిగిన వారానికే, 2019 డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, వెరసి ఇరవై ఒక్క పనిదినాల్లో తీర్పు, అత్యాచారానికి మరణశిక్ష. రాష్ట్రపతి ఆమోదం రానందువల్ల అది అమలులోకి రాలేదు. అశోకుడి మూడు రోజుల మీద నాకు గౌరవం ఎందుకు పెరిగిందో ఇప్పుడు చెప్పవచ్చుననుకుంటాను. ఆయన అధికారం నిరాఘాటం. అడిగేవాడు లేడు. అయినా తన తీర్పుకూ తన తలారికీ నడుమ తనంత తానుగా కొంత వ్యవధి కల్పించాడు. మనం దాన్ని జాప్యం అంటున్నాం.

జాప్యం గురించి ఆలోచించిన తెలుగువాడు ఒకరున్నారు. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. 1983లో వైతీశ్వరన్ కేసులో ఆయన ధర్మాసనం, ఉరిశిక్ష పడ్డాక రెండేళ్ళకు పైగా దాని నీడలో గడిపినవాడికి శిక్ష తగ్గించాలని చెప్పింది. తర్వాత త్రివేణీబెన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ రెండేళ్ళ లెక్కను తోసిపుచ్చింది. కానీ మూలసూత్రం బతికింది. క్షమాభిక్ష విన్నపాల మీద అకారణంగా ఏళ్ళు గడిపితే అది శిక్ష తగ్గించడానికి ఆధారమేనని 2014 జనవరిలో సుప్రీంకోర్టు పదిహేను మందికి ఉరి తప్పించింది. జాప్యం ప్రాణం నిలబెట్టగలదు, జాప్యమే చిత్రహింస కూడా కాగలదు. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఒకే కాలంలో నిజం కావడమే మరణశిక్షలోని విచిత్రం. యావజ్జీవ ఖైదీ విషయంలో ఈ చిక్కు లేదు. తప్పు తేలితే తలుపు తీయవచ్చు.

1980లో బచన్‌సింగ్ కేసులో నలుగురు న్యాయమూర్తులు ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనని, అయితే అత్యంత అరుదైన సందర్భాల్లోనే వేయాలని అన్నారు. అయిదవవారు జస్టిస్ భగవతి విభేదించారు. ఏది అరుదో తేల్చేది న్యాయమూర్తి స్వభావమే అవుతుందని ఆయన భయం. పై మూడు కథలను ఎదురుగా పెట్టుకుని చూస్తే ఆ భయం నాకు చాలా సమంజసంగా తోస్తుంది. 2016లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వారు ఉరిశిక్ష పడిన ఖైదీలను కలిసి తయారుచేసిన నివేదిక ప్రకారం వారిలో 74 శాతానికి పైగా ఆర్థికంగా బలహీనులు. బుట్టాయగూడెం నాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. రాజ్యాంగ నిర్మాణ సభలో 1949 జూన్ 3న డాక్టర్ అంబేడ్కర్, ఉరిశిక్ష అప్పీళ్ళ చర్చలో, అసలు ఆ శిక్షనే ఎత్తివేయడం తనకు సమ్మతమని చెప్పారు. సభ ఆ దారిన పోలేదు.

1970ల తర్వాత తెలుగునేల మీద ఏ జైలులోనూ ఉరి జరగలేదు. శిక్షలు మాత్రం పడుతూనే ఉన్నాయి. 2013 దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్ళ కేసులో అయిదుగురికి పడిన ఉరిశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖాయం చేసింది. ఉగ్రవాద కేసుల సంగతేమిటని అడిగేవారుంటారు. లా కమిషన్ 2015లో తన 262వ నివేదికలో ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం వంటి నేరాలు మినహా మిగతావాటికి ఉరి రద్దు చేయమని చెప్పింది. కనీసం అంతమట్టుకైనా ఒప్పుకుంటే ఈ వ్యాసంలో వచ్చిన పేర్లలో సగం ఉరికంబం నీడ నుంచి బయటకు వస్తాయి. ప్రభుత్వం ఆ సిఫారసును అందుకోలేదు.

అందుకోకపోగా క్షమాభిక్ష దారిని ఇరుకు చేసింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 472వ సెక్షన్ ఈ సంగతి చెబుతుంది. జైలు అధికారి సమాచారం ఇచ్చిన ముప్ఫై రోజుల్లోగా విన్నపం పెట్టుకోవాలి. గవర్నరు తిరస్కరిస్తే రాష్ట్రపతికి అరవై రోజుల్లోగా పెట్టుకోవాలి. రాష్ట్రపతి నిర్ణయం మీద ఏ కోర్టులోనూ అప్పీలు లేదు. విన్నపం పెట్టదగినవారు ఎవరో కూడా అందులో రాశారు: శిక్ష పడిన వ్యక్తి, అతని చట్టబద్ధమైన వారసుడు, లేదా మరొక బంధువు.

1997లో రాజమండ్రి జైలులోని ఆ ఇద్దరి కోసం రాష్ట్రపతికి విన్నవించిన మహాశ్వేతాదేవి కలకత్తా మనిషి. ఆ కుర్రాళ్ళకు ఆమె ఏ వరసా కాదు.